గోదావరి డెల్టాలో చిన్న పికప్: తారు మీద, గట్టు మీద, ఉప్పునీటిలో

చిన్న పికప్ బండ్ల మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా ఘాట్ రోడ్డునో, రాళ్ల బాటనో, మెట్ట పొలాన్నో దృష్టిలో పెట్టుకుని రాసినవి. ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలి గోదావరి సముద్రం దాకా పరిచిన ఒండ్రు నేలలో ఎక్కడానికి కొండ లేదు, దాటడానికి బండరాయి లేదు. ఇక్కడ బండి తిరిగేది చెరువు గట్ల మీద, పుంతల్లో, కాలువ పక్కన ఒక్క బండికి సరిపోయే తారురోడ్ల మీద, లంకల్లోకి దిగే ఇసుక బాటల్లో. అందువల్ల హార్స్‌పవర్, టార్కు అంకెలు మాత్రమే చూసి బండి కొన్న రైతుకు తాను కొన్నదాని గురించి సగమే తెలుస్తుంది. మిగతా సగం మొదటి వర్షాకాలంలో తెలుస్తుంది. మా ఇంట్లో కొబ్బరికీ, చేపల, రొయ్యల చెరువులకీ పికప్పే వాడుతున్నాం. దానికి తోడు ఆకివీడు వైపు చేపల వ్యాపారులు, అంబాజీపేటలో కొబ్బరి కొనేవారు, కడియపులంక నర్సరీల వారు, లంకల్లో కూరగాయలు పండించేవారు తమ బండ్ల గురించి చెప్పినవి విని, వాటిని దగ్గరగా చూసి రాస్తున్న సమీక్ష ఇది. ఒక కంపెనీని పొగడడమో తెగడడమో ఇందులో లేదు. ముప్పావు టన్ను నుంచి టన్నున్నర వరకు మోసే ఈ తరగతి బండి మన నేలకు ఎంతవరకు సరిపోతుందన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: డెల్టాలో పికప్ ఆయుష్షును తేల్చేవి బండి వెడల్పు, టైరు, అడుగున పట్టే ఉప్పు. ఇంజను నాలుగో స్థానంలో వస్తుంది.

మనకు దొరికే బండ్లలో ఈ తరగతికి దారి వేసినది 2005లో వచ్చిన టాటా ఏస్. తొలి ఏస్‌లో 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, 750 కిలోల మోత. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంబావు మోతతో వచ్చింది. 2019లో మొదలైన టాటా ఇంట్రా వరుసలో వీ30 రకం 1496 సీసీ ఇంజనుతో 1300 కిలోలు మోస్తుంది. మహీంద్రా బొలెరో పికప్, అయిదుగురు కూర్చునే బొలెరో క్యాంపర్ రెండూ 2523 సీసీ డీజిల్ ఇంజను మీద పేరు తెచ్చుకున్నవి. వీటికి భిన్నంగా, సొంత వాడకానికి కొనే పెద్ద డబుల్ క్యాబ్ రకం ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారవుతుంది, 1898 సీసీ ఇంజను, 163 హార్స్‌పవర్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటాయి. దీన్ని చిన్న పికప్ అనడం కష్టమే అయినా, రొయ్యల రైతుల్లో కొందరు దీన్నీ కొంటున్నారు కనుక పోలిక కోసం అక్కడక్కడ ప్రస్తావిస్తాను.

తారు మీద ఈ బండ్లన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) నిండు మోతకు లెక్కగట్టి అమర్చినవి కాబట్టి ఖాళీగా వెళ్తున్నప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. 216వ నంబరు జాతీయ రహదారి మీద యానాం–ఎదుర్లంక వంతెననో, చించినాడ వంతెననో ఖాళీ బండితో దాటితే ప్రతి జాయింటూ నడుముకు తెలుస్తుంది. అదే బండిలో కొబ్బరి కాయ నింపితే కుదుపు మాయమై, స్టీరింగు కూడా కుదురుకుంటుంది. మోతలో సగం వేసి నడిపినప్పుడే ఈ బండ్లు అన్నివిధాలా హాయిగా ఉంటాయని దాదాపు ప్రతి ఓనరూ చెప్పిన మాట. షోరూం వారు ఇచ్చే టెస్ట్ డ్రైవ్ మాత్రం ఎప్పుడూ ఖాళీ బండితోనే కావడం వల్ల, కొనేవారు చూసేది ఆ బండి ప్రవర్తనలో అన్నిటికంటే చెడ్డ భాగాన్ని. వీలైతే నాలుగు మేత బస్తాలైనా వెనక వేయించుకుని నడిపి చూడమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

రావులపాలెం మీదుగా వెళ్లే 16వ నంబరు రహదారి మీద చిన్న ఇంజను బండ్లకు ఇబ్బంది వేగం దగ్గర కంటే ఓవర్‌టేక్ దగ్గరే. నిండు మోతతో ఏస్ లాంటి బండి తన దారిన తాను ఎడమ వరుసలో పోవలసిందే. దానితో లారీని దాటాలనుకోవడం తెలివైన పని కాదు. ఇంట్రా, దోస్త్, బొలెరో వంటివి ఈ విషయంలో నయం. అయితే రోజూ రాజమండ్రికో విజయవాడకో సరుకు పంపేవారికి తప్ప మిగతా వారికి ఈ తేడా పెద్దగా పట్టదు, ఎందుకంటే డెల్టాలో పికప్ ప్రయాణంలో ఎక్కువ భాగం పాలకొల్లు, భీమవరం, అమలాపురం, రాజోలు చుట్టూ కాలువ పక్క రోడ్ల మీదే సాగుతుంది. ఆ రోడ్లకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె, మధ్యలో వరిగడ్డి ట్రాక్టరు ఎదురొస్తే తారు దిగక తప్పని వెడల్పు. చాలాచోట్ల కాలువ వైపు గోడ గానీ రెయిలింగు గానీ ఉండవు. ఇలాంటి చోట బండి ఎంత గట్టిగా లాగుతుందన్నదాని కంటే ఎడమ చక్రం ఎక్కడ ఉందో డ్రైవరుకు తెలియడం ముఖ్యం. ఇంజను సీటు కింద ఉండి ముందు మూతి లేని బండ్లలో ఈ అంచనా సులువు. బొలెరో వంటి మూతి ఉన్న బండ్లలో కొంత అలవాటు పడాలి. అయితే ఢీకొన్నప్పుడు కాళ్లకు ముందు ఇంజను గది అడ్డంగా ఉండడం మూతి ఉన్న బండికి పెద్ద లాభం. రాత్రుళ్లు పెద్ద రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారు ఆ లాభాన్ని తక్కువ చేసి చూడకూడదని నా ఉద్దేశం.

ఇక గట్టు. చెరువు తవ్వినప్పుడు వచ్చిన మట్టినే పక్కకు పోసి గట్టు కడతారు. దాని మీద రోలరు తిరగదు. నడి గట్టు బండ్లు తిరిగి తిరిగి గట్టిపడుతుంది గానీ అంచులు ఎప్పుడూ గుల్లగానే ఉంటాయి, పైగా చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు లేపే అలలు నీటి వైపు అంచును లోపలినుంచి తింటూ ఉంటాయి. పైకి గడ్డి మొలిచి పచ్చగా కనిపించే అంచు కింద ఖాళీ ఉండవచ్చు. అందుకే గట్టు మీద బండికి అక్కరకొచ్చే మొదటి గుణం సన్నగా ఉండడం. ఏస్ వెడల్పు మీటరున్నర, అంటే అయిదడుగులు. వీ-క్రాస్ వెడల్పు 1.86 మీటర్లు, అద్దాలు కాకుండానే ఆరడుగులు దాటుతుంది. మిగతావి ఈ రెంటి మధ్యన ఉంటాయి. పది అడుగుల గట్టు మీద ఏస్‌కు రెండు పక్కలా రెండున్నర అడుగుల చొప్పున మిగిలితే, వీ-క్రాస్‌కు రెండడుగులు కూడా మిగలదు. కాగితం మీద ఇది చిన్న తేడాలాగే కనిపిస్తుంది. వర్షం పడిన రాత్రి పట్టుబడికి, అంటే చెరువులో పెంచిన చేపో రొయ్యో పట్టే పనికి, ఐసు, క్రేట్లు వేసుకుని వెళ్లి, మోటారు షెడ్డు దగ్గర వెనక్కి తిప్పవలసి వచ్చినప్పుడు ఆ అడుగు తేడాతోనే బండి ఒడ్డున ఉండడమో చెరువులో ఉండడమో తేలుతుంది.

తిప్పడం అన్న మాట వచ్చింది కనుక, మలుపు వ్యాసార్థం గురించి కూడా చెప్పాలి. ఏస్ 4.3 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. మూడు గట్లు కలిసే మూల దగ్గర ఒకటి రెండు రివర్సులతో వెనక్కి తిరగగలదు. ముందు వెనక చక్రాల మధ్య మూడు మీటర్లకు పైగా దూరం ఉన్న వీ-క్రాస్‌ను అదే మూలలో తిప్పాలంటే కిందకు దిగి ఒకరు దారి చూపాలి, లేదా గట్టు పొడవునా రివర్సులోనే రావాలి. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు (బండ్లను నది దాటించే పడవ) ఎక్కించేవారు కూడా చిన్న బండినే ఇష్టపడతారు. పోటుకూ పాటుకూ నీటి మట్టం మారి ర్యాంపు వాలు మారుతూ ఉంటుంది. వెనక చక్రం దాటాక బాడీ ఎక్కువగా పొడుచుకొచ్చిన బండికి తోక తగులుతుంది. మోత పెంచుకోవడానికి లోకల్ బాడీ షెడ్డులో వెనక అడుగున్నర పొడిగించి కట్టించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేల జారుడు గురించి ఓనర్లు చెప్పిన మాట బయటి ప్రాంతాల వారికి వింతగా తోస్తుంది. జోరున వాన కురిసి వారం తడిసిన గట్టు కంటే, ఎండాకాలం చివర పడే మొదటి జల్లు ప్రమాదమట. నల్ల జిగురు మట్టి పైపొర మాత్రమే తడిసి, కింద గట్టిగా ఉండిపోతుంది. ఆ పలుచని పొర టైరు గాళ్లలోకి చేరి నిండిపోతే, కొత్త టైరు కూడా అరిగిపోయిన టైరు లాగే ప్రవర్తిస్తుంది. ఈ తరగతి బండ్లు దాదాపు అన్నీ వెనక చక్రాలతో నడిచేవి, పైగా ఖాళీగా ఉన్నప్పుడు బరువంతా ముందే ఉంటుంది. అంటే నెట్టవలసిన చక్రాల మీద బరువు ఉండదు. ఐసు ఫ్యాక్టరీకి బండి తిప్పే డ్రైవరొకాయన దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: “ఖాళీ బండితో గట్టెక్కితే వెనక చక్రాలు మన మాట వినవండి.” అందుకే అనుభవం ఉన్నవారు చెరువుకు వెళ్లేటప్పుడు 25 కిలోల మేత బస్తాలను క్యాబిన్ వైపు కాకుండా వెనక ఇరుసుకు సరిగ్గా పైన పేరుస్తారు. సరుకు లేని రోజున ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఈ మార్పు వల్ల బండిలో వచ్చే తేడా రెండో గేరులో క్లచ్ వదిలిన క్షణంలోనే తెలుస్తుంది.

దిగబడినప్పుడు జరిగేది కూడా అందరికీ ఒకటే. మామూలు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఉన్న బండిలో పట్టు దొరకని చక్రానికే శక్తి పోతుంది. ఒక చక్రం గిరగిరా తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుంది, రెండోది కదలదు. అక్కడ యాక్సిలరేటరు తొక్కితే మిగిలేది మాడిన క్లచ్ ప్లేటు వాసన. కోనసీమలో దీనికి ఇంటి దగ్గరే మందు ఉంది: ఎండిన కొబ్బరి డొక్కలు. దిగబడిన చక్రం ముందు మట్టిని పారతో ఏటవాలుగా చెక్కి, డొక్కల్ని పీచు వైపు టైరుకు తగిలేలా దగ్గరదగ్గరగా పేర్చి, మొదటి గేరులో క్లచ్‌ను నెమ్మదిగా వదిలితే పీచు టైరును పట్టుకుంటుంది. పచ్చి కొబ్బరి మట్టలు ఇందుకు పనికిరావు, అవి జారి వెనక్కి ఎగిరి, నెట్టేవాళ్ల కాళ్లకు తగులుతాయి. ఒక బస్తా ఎండు డొక్కలు, ఒక పార, నైలాను మోకు బండిలో ఎప్పుడూ ఉంచుకునే ఓనర్లు ట్రాక్టరు కోసం ఫోన్ చేయవలసిన అవసరం చాలా తక్కువ.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: ఎక్కువ మందికి అక్కర్లేదు. బొలెరో క్యాంపర్ లాంటి వాటిలో ఫోర్ వీల్ రకాలు ఉన్నాయి, వీ-క్రాస్‌లో లో గేరు కూడా ఉంది. కానీ మట్టి నిండిపోయే రోడ్డు టైర్లు వేసుకుని నాలుగు చక్రాలూ తిప్పితే నాలుగూ జారతాయి. వెనక రెంటికి మాత్రం లోతైన, దూరదూరంగా గడులు ఉన్న మట్టి టైర్లు వేయించుకున్న మామూలు బండి, రోడ్డు టైర్లతో ఉన్న ఫోర్ వీల్ బండి కంటే గట్టు మీద కుదురుగా పోవడం నేను స్వయంగా చూశాను. అలాంటి టైరు తారు మీద హోరుమని శబ్దం చేస్తుంది, తొందరగా అరుగుతుంది, తడి తారు మీద బ్రేకు వేస్తే కొంచెం ఎక్కువ దూరం పోతుంది. వీటికి ఒప్పుకునేవారే వేయించుకోవాలి. ఫోర్ వీల్ ఉన్నవారు ఇంకో జాగ్రత్త పాటించాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌ను పొడి తారు మీద వేసి ఉంచితే మలుపుల్లో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగవలసి వచ్చి, ఆ ఒత్తిడంతా గేర్లూ జాయింట్లూ మోయాలి. గట్టు దిగగానే టూ వీల్‌లోకి మార్చడం డ్రైవరుకు అలవాటు కాకపోతే, ఆ సౌకర్యానికి పెట్టిన డబ్బు రిపేరు బిల్లుగా తిరిగి వస్తుంది. లంకల్లోని ఇసుక బాటల్లోనూ, అంతర్వేది వైపు తీరం దగ్గరా మాత్రం ఫోర్ వీల్ నిజంగా అక్కరకొస్తుంది. అక్కడ కూడా టైర్లలో గాలి తగ్గిస్తే టైరు అడుగు వెడల్పై, మామూలు బండి సైతం చాలా దూరం పోగలదు. అయితే గాలి తగ్గించిన టైరుతో నిండు మోత వేయడం, అలాగే తారెక్కి వేగంగా పోవడం టైరు పక్క గోడను చంపేస్తాయి. సిగరెట్ సాకెట్‌తో నడిచే చిన్న గాలి పంపు కొనుక్కుంటే ఈ బెడద ఉండదు.

వరద రోజుల్లో పికప్ వాడకం గురించి ఓనర్ల మధ్య అభిప్రాయభేదం కనిపించింది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికే కనకాయలంక వంటి చోట్ల కాజ్‌వే మీదికి నీరు వచ్చి పడవలు మొదలవుతాయి. 2022 జూలైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి పశువుల్నీ, ధాన్యాన్నీ, సామాన్నీ మెరకకు చేర్చినవి ఎక్కువగా ఇలాంటి బండ్లూ ట్రాక్టర్లే. మోకాలి లోతు నిలవ నీటిలో ఈ తరగతి బండి పోగలదన్నది నిజం. అయితే పారే నీటికి ఈ లెక్క వర్తించదు. కాజ్‌వే మీద నీరు అడ్డంగా పారుతున్నప్పుడు, అంచు కనిపించనప్పుడు, ఏ బండి అయినా ఆగవలసిందే. బండి ఎత్తుగా ఉందన్న ధైర్యంతో దిగేవారిని నేను సమర్థించను.

నీటిలో దిగి వచ్చిన బండికి వెంటనే కనిపించని నష్టం ఒకటుంది. పరుగు మీద వేడెక్కిన వెనక ఇరుసు చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, గాలి మూత గుండానో, పాతబడిన ఆయిల్ సీలు గుండానో నీటిని లోపలికి పీలుస్తుంది. కొన్ని రోజుల తరువాత ఆయిల్ బోల్టు విప్పితే నల్లటి ఆయిల్ బదులు పాలు ఎక్కువైన టీ లాంటిది బయటికి వస్తుంది. ఆ ఆయిల్‌తో అలాగే తిరిగితే బేరింగులు, గేరు పళ్లు పోతాయి. చక్రం మధ్య దాకా మునిగిన ప్రతిసారీ ఇరుసు ఆయిల్ చూపించి, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించడం ఖర్చు అనిపించినా చేయించవలసిన పని. వెనక డ్రమ్ము బ్రేకులు కూడా తడిసి కొంతసేపు పట్టవు. నీటిలోంచి బయటపడ్డాక బ్రేకు పెడల్‌ను మెల్లగా నొక్కి ఉంచి కొద్ది దూరం నడిపితే ఆరిపోతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఉప్పు ఒక ఎత్తు. భీమవరం, నరసాపురం, మొగల్తూరు, అటు అల్లవరం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులకు తిరిగే బండ్లను పిట్ మీద ఎక్కించి కింద నుంచి చూస్తే ఈ సమీక్షలో ఇంజనుకు నాలుగో స్థానం ఎందుకిచ్చానో అర్థమవుతుంది. పట్టుబడి రోజున వనామీ రొయ్యను ఐసుతో క్రేట్లలో పేర్చి బండిలో వేస్తారు. ఐసు కరుగుతూ, రొయ్యతో వచ్చిన ఉప్పునీటిని కలుపుకుని, తొట్టి రేకు అతుకుల్లోంచి ధారగా కారి సరిగ్గా ఛాసిస్ పట్టీల మీద, బ్రేకు పైపుల మీద, కమాన్ కట్టల మధ్యలో పడుతుంది. సముద్రం ఒడ్డున నిలబెట్టిన బండి కంటే రోజూ ఉప్పునీరు కారే బండి వేగంగా తుప్పు పట్టడంలో వింత లేదు. తుప్పు మొదట కనిపించేది తొట్టి రేకు మూలల్లో అయినా, ముందుగా నష్టం చేసేది బ్రేకు పైపులకు. సన్నటి ఆ ఇనుప గొట్టాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పు కింద తేమ నిలిచి, అక్కడే గొట్టం పలుచబడుతుంది. క్లిప్పు విప్పితే గానీ అది కనిపించదు. ఆ తరువాత హ్యాండ్‌బ్రేకు కేబుల్ బిగుసుకుపోతుంది. కొన్ని బండ్లలో వెనక మోతను బట్టి బ్రేకును సర్దే వాల్వు ఒకటి ఇరుసు దగ్గర ఒక కడ్డీతో కలిసి ఉంటుంది. ఆ కడ్డీ తుప్పుతో కదలకుండా పోతే ఖాళీ బండికీ నిండు బండికీ ఒకే బ్రేకు పడి, తడి రోడ్డు మీద వెనక చక్రాలు లాక్ అయిపోతాయి. డ్రైవర్లు దీన్ని టైర్ల తప్పుగా భావించడం చాలా మామూలు. లైట్లు ఉన్నట్టుండి మసకబారడం, వెనక ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు వెలగడం వంటి చిత్రాలకు కూడా ఎర్త్ వైరు ఛాసిస్‌కు తగిలే చోట పట్టిన తుప్పే ఎక్కువసార్లు కారణం.

దీనికి ఓనర్లు చేసే ఏర్పాట్లలో పనికొచ్చేవీ ఉన్నాయి, హాని చేసేవీ ఉన్నాయి. తొట్టిలో రబ్బరు మ్యాట్ పరవడం హాని చేసేవాటిలో మొదటిది. దాని కింద ఉప్పు తేమ ఆరకుండా నిలిచి, పైకి కనిపించకుండానే రేకును తినేస్తుంది. అల్యూమినియం గళ్ల రేకును నేరుగా ఇనుప తొట్టి మీద బోల్టులతో బిగించడం రెండోది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తగులుకుని ఉంటే బోల్టుల చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతుంది. మధ్యలో ప్లాస్టిక్ షీటు వేసి, బోల్టులకు నైలాను వాషర్లు పెట్టిస్తే ఆ రేకు చాలాకాలం నిలుస్తుంది. ఆకివీడు వైపు ఒక వ్యాపారి తొట్టిని వెనక్కి కొద్దిగా వాలుగా ఉండేలా బిగించి, చివర అడ్డంగా ఒక కాలువ పట్టీ, దానికి గొట్టం పెట్టించి, నీరంతా ఛాసిస్ మీద పడకుండా బండి వెనక నేలకు పోయేలా చేశాడు. నేను చూసిన ఏర్పాట్లలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే. పట్టుబడి ముగిసిన రోజే మంచినీటితో బండి అడుగు కడిగించడం దీనికి తోడు కావాలి. చెరువు దగ్గర మోటారు నీటితో కడిగితే బురద పోయి ఉప్పు మిగులుతుంది. గోదావరి కాలువ నీరు గానీ ఊరి మంచినీరు గానీ వాడాలి. కమాన్ కట్టలకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయించే పాత అలవాటును కొందరు ఇంకా పాటిస్తున్నారు. అది తుప్పును కొంత ఆపినా రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, గట్టు మీద బొట్లు బొట్లుగా కారి వానకు చెరువులో చేరుతుంది. అంతకంటే, కొత్త బండి మీద రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే, ఇంకా ఉప్పు తగలకముందే, మైనం రకం అండర్ కోటింగ్ వేయించడం మేలు. తుప్పు మొదలయ్యాక దాని మీద కోటింగ్ కొట్టించడం తుప్పును లోపల దాచిపెట్టడమే. ఇదంతా కొబ్బరి, వరి, నర్సరీ మొక్కలు మోసే బండ్లకు వర్తించదు. కడియపులంక వైపు బండ్లలో మొక్కల తొట్ల నీరు కారినా అది మంచినీరు కనుక, అవి ఏళ్ల తరబడి తిరిగినా అడుగు భాగం ఆరోగ్యంగా ఉండడం చూస్తే నేరం నీటిది కాదనీ ఉప్పుదనీ తెలిసిపోతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణాలు) డీజిల్ బండ్లలో కొత్తగా తెలుసుకోవలసింది పొగ మసిని పట్టే ఫిల్టరు సంగతి. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. గట్టు మీద రెండో గేరులో పాకుతూ, చెరువు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఐసు ఫ్యాక్టరీకి తిరిగే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలిగినప్పుడు జాతీయ రహదారి ఎక్కి కొంతసేపు ఒకే వేగంతో నడిపితే చాలావరకు ఆరిపోతుంది. లైటును పట్టించుకోకుండా తిరిగితే సర్వీసు సెంటరుకు లాక్కెళ్లవలసి వస్తుంది. సీఎన్‌జీ, పెట్రోలు రకాలకు ఈ గొడవ లేదు. అయితే సీఎన్‌జీ సిలిండర్ల బరువు వల్ల మోత తగ్గుతుంది. కాళ్ల కింద సహజవాయువు ఉన్న కోనసీమలో గ్యాసు కోసం బంకు దగ్గర వరుసలో నిలబడడం ఒక విడ్డూరమే గానీ, అది బండి తప్పు కాదు.

సర్వీసు విషయంలో పేరు చెప్పకుండా ఒక మాట. మా బండి గ్యారంటీలో ఉండగానే తొట్టి అతుకుల్లో తుప్పు కనిపించి షోరూంకు తీసుకెళ్తే, రొయ్యలు మోసే బండికి తుప్పు గ్యారంటీ వర్తించదన్నారు. షరతుల కాగితంలో నిజంగానే అలాంటి వాక్యం ఉంది. కానీ రొయ్యల కోసమే కొంటున్నామని తెలిసీ అమ్మినప్పుడు ఆ వాక్యాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. కొనేవారు ఆ కాగితాన్ని సంతకానికి ముందే తెప్పించుకుని చదవడం మంచిది. విడిభాగాల విషయంలో మాత్రం ఈ తరగతికి తిరుగులేదు. భీమవరం, తణుకు, అమలాపురం, రాజమండ్రిలలో ఎక్కువగా అమ్ముడుపోయే బండ్ల క్లచ్ ప్లేటు, కమాన్ పట్టీ, బ్రేకు షూలు అదే రోజు దొరుకుతాయి, మెకానిక్కులకూ ఇవి కొట్టిన పిండి. అరుదైన పెద్ద పికప్‌లకు అద్దం పగిలినా విజయవాడ నుంచి రావాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. సరుకు రవాణా బండిగా రిజిస్టరైన పికప్‌కు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించాలి. అడుగు తుప్పు పట్టిన బండికి ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. కారు లైసెన్సుతో ఈ బండ్లు నడపవచ్చా అన్న సందేహం చాలాకాలం ఇన్సూరెన్సు క్లెయిముల్లో గొడవగా ఉండేది. స్థూల బరువు 7500 కిలోలకు మించని రవాణా బండిని ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు బండి) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చాక ఈ తరగతి ఓనర్లకు ఆ బెంగ తీరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొత్త బండి కొనేవారికి కలిసొచ్చింది. తొట్టిలో కూలీలను ఎక్కించుకుని పోవడం చట్టప్రకారం తప్పు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సుతోనూ చిక్కే. కొబ్బరి కాయ దింపే కార్మికులనో పట్టుబడి మనుషులనో రోజూ తీసుకెళ్లవలసినవారు మోత కొంత తగ్గినా క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ కొనడం సబబు.

చెరువు ఒకటి రెండు, తోట కొంత ఉన్న మామూలు రైతుకు నా సలహా ఏస్, ఇంట్రా మధ్య తరగతి బండి, వెనక మట్టి టైర్లతో. రోజూ టన్నుకు పైగా కాయ ఎత్తేవారికి బొలెరో పికప్ లేదా దోస్త్ తరగతి. కుటుంబానికీ పనికీ ఒకటే బండి కావాలనుకునేవారికి డబుల్ క్యాబిన్. వీ-క్రాస్ లాంటిది కొనేవారు అది మంచి బండి కనుక కొనవచ్చు గానీ, చెరువు గట్టు కోసం కొంటున్నామని అనుకోకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేవారు పెయింటు మెరుపు చూసి బేరం ఆడకూడదు. పికప్‌లకు రంగు వేయించడం చవక. బండిని పిట్ ఎక్కించి, బ్రేకు పైపు క్లిప్పులు రెండు మూడు విప్పించి చూడాలి, తొట్టి అడుగున స్క్రూడ్రైవరు కొనతో నొక్కి చూడాలి. కొత్తగా నల్ల పెయింటు కొట్టిన ఛాసిస్‌ను మరీ అనుమానంగా చూడాలి. రొయ్యలు మోసిన బండిని ఓనరు కాదన్నా తొట్టి మూలల వాసన ఒప్పుకుంటుంది. వరదలో మునిగిన బండిని పట్టుకోవడానికి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. సీట్లూ మ్యాట్లూ మార్పించేవారు కూడా బెల్టు చుట్ట లోపలి భాగాన్ని కడగరు. అక్కడ ఒండ్రు గీత కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి జోలికి పోకూడదు.